వరదకు మతం లేదట!

"వరదకు మతం లేదు." ఈ వాక్యాన్ని మేం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఉప్పెన వచ్చినప్పుడల్లా, వాగు పొంగినప్పుడల్లా, భూమి కదిలినప్పుడల్లా తెలుగు సాహిత్యం ఈ మాటను అప్పుడే కొత్తగా కనిపెట్టినట్టు చెబుతుంది. చెప్పేవాళ్ళు మంచివాళ్ళే. మా మిత్రులే. మాతోపాటు జెండా పట్టినవాళ్ళే. నీళ్ళవరకు ఆ మాట నిజం కూడా. నీళ్ళు గడప దగ్గర ఆగి నీ పేరేంటని అడగవు. కానీ ఆ గడప ఎక్కడుంది? చెరువు శిఖంలో ఎందుకుంది? నాలా అంచునే ఎందుకుంది? వస్తున్నాయన్న కబురు ఆ గడపదాకా ఏ భాషలో వచ్చింది, ఎవరు తెచ్చారు, అసలు వచ్చిందా? ఈ ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అన్నిటికీ మతం ఉంది, కులం ఉంది, ఆడా మగా ఉంది. ప్రకృతి వైపరీత్యం అనే మాట వీటన్నిటి మీదా కప్పిన దుప్పటి.

2020 అక్టోబరు 13న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన పడింది. వాన ఊరంతా పడింది. పల్లె చెరువు నీళ్ళు కట్ట దాటితే కొట్టుకుపోయింది మాత్రం ఫలక్‌నుమా పక్కన అల్ జుబైల్ కాలనీ, అలీనగర్. నాలుగు రోజులకు గుర్రం చెరువు తెగితే మునిగింది హఫీజ్ బాబా నగర్. బండ్లగూడ మహమ్మదియా హిల్స్‌లో గోడ కూలి ఇళ్ళమీద పడి పిల్లా పెద్దా పోయారు. ఈ బస్తీల పేర్లు ఒకసారి పైకి చదవండి. ఆ తర్వాత వరదకు మతం లేదని మళ్ళీ చెప్పండి, వింటాం.

ఈ బస్తీలు చెరువుల కింద ఎందుకు పుట్టాయో ఇంజనీర్లు చెప్పలేరు. దానికి 1990 డిసెంబరు అల్లర్లు గుర్తు చేసుకోవాలి. కలిసి బతికిన వాడల్లోంచి బెదిరి వచ్చినవాళ్ళు, కొత్త కాలనీల్లో పేరు వినగానే "ఇల్లు ఖాళీ లేదు" అనిపించుకున్నవాళ్ళు, అందరూ మనవాళ్ళున్న చోటికి చేరారు. మనవాళ్ళున్న చోట మిగిలిన చౌక జాగా చెరువుది. కత్తికి భయపడి నీళ్ళ కిందికి వచ్చారన్నమాట. ముప్ఫై ఏళ్ళ తర్వాత వచ్చిన వరదకు దారి వేసింది ఆ అల్లర్లే. అల్లరిని రాజకీయాల పేజీలో, వరదను వాతావరణం పేజీలో వేసే పత్రికలకు ఈ దారి కనపడదు.

అయితే ఆ శిఖం భూమిని గజాల లెక్కన కొలిచి, నోటరీ కాయితం మీద అమ్మిందెవరు? అందులో మావాళ్ళూ ఉన్నారు. సలాం చెప్పి, చాయ్ తాగించి, గల్ఫ్‌లో పదేళ్ళు చెమటోడ్చినవాడి సొమ్ము పట్టి చెరువులో దించినవాళ్ళు ఉన్నారు. ఆ రోజు వాళ్ళ వెనక నిలబడిన నాయకులే వరద రోజు మోకాలిలోతు నీళ్ళలో దిగి ఫోటోలు దిగారు. వీళ్ళ మాట మళ్ళీ వస్తుంది.

మా ప్రధానమైన పేచీ సాహిత్యంతో, కళతో. తెలుగులో విపత్తు కళ ఎప్పుడూ విపత్తు తర్వాతే వస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. పదివేలమంది పోయారని సర్కారు లెక్క. అంతకంటే ఎక్కువేనని అక్కడివాళ్ళ లెక్క. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగి చందాలు వసూలు చేశారు. కవులు రాశారు, గాయకులు పాడారు. చేసిందాన్ని మేం తక్కువ చెయ్యం. ఆకలిమీదున్నవాడికి ఆ బియ్యం నిజం. కానీ ఒక్కటి గమనించాలి. కళాకారుడంటే ఉప్పెన వెళ్ళాక చెయ్యి చాచేవాడు, కన్నీరు పెట్టించేవాడు అన్న అచ్చు అప్పుడే గట్టిగా పడిపోయింది. ఉప్పెనకు ముందు అతనికి పని లేదు. ముందు పని అంతా కలెక్టరుది, రేడియోది, రెవెన్యూ వాళ్ళది.

ఆ అచ్చులోంచి వచ్చిన కవిత్వాన్ని ఒక్కచోట పెట్టుకుని చదివితే దాని నడక అర్థమవుతుంది. మొదట సముద్రాన్ని తిడతారు, లేదా దేవుణ్ణి నిలదీస్తారు. తర్వాత శవాలు వస్తాయి. తల్లి రొమ్ము పట్టుకున్న పసిబిడ్డ తప్పకుండా వస్తుంది. చివర "మనిషి" లేస్తాడు. ఈ మనిషి ఎవరు? అతనికి ఊరుండదు, వాడ ఉండదు, ఇంటిపేరు ఉండదు. అతను మాలపల్లెవాడో, పాలెకాపో, చేపలవాడో, దూదేకుల ఇంటివాడో తెలియదు. అతని గుడిసె ఎందుకు కరకట్టకు అవతలుందో అడిగే తీరిక కవికి లేదు. శోకం అందర్నీ ఒకటి చేసిందని కవి సంతోషిస్తాడు. ఒకటయింది శోకంలో కాదు, కవిత్వంలో. బయట సహాయం పంచే లైనులో మాత్రం ఎవరి వరుస వాళ్ళదే. 2001లో గుజరాత్ భూకంపం తర్వాత, 2004 డిసెంబరు సునామీ తర్వాత దళితులకు సహాయం అందడంలో ఎంత వివక్ష జరిగిందో హక్కుల సంఘాలు రాసిపెట్టాయి. ఆ రాతల్లో ఉన్న జీవితం కవిత్వంలోకి రాకపోవడానికి కారణం ఆ "మనిషే".

మరి ముస్లింకు పేరు దొరికేది ఎప్పుడు? రెండే సందర్భాల్లో. ఒకటి 2020 ఏప్రిల్. మహమ్మారి వచ్చింది. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ పేరు చెప్పి ఒక జాతి మొత్తాన్ని వైరస్‌గా చిత్రించారు. కూరగాయల బండివాణ్ణి పేరడిగి గల్లీలోంచి వెళ్ళగొట్టారు. తబ్లిగీ వాళ్ళను బలిపశువుల్ని చేశారని అదే ఏడాది ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి అన్నది గానీ, ఆ వార్త మొదటి పేజీకి ఎక్కలేదు. అప్పుడు మేమే విపత్తు. రెండోది 2024 సెప్టెంబరు 1. ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిదిమంది చిక్కుకుపోతే, హర్యానా నుంచి బతకడానికి వచ్చిన ఒక ముస్లిం జె.సి.బి. డ్రైవరు ప్రాణానికి తెగించి వాళ్ళను బయటికి తెచ్చాడు. ఇప్పుడు పేరు పెద్దక్షరాల్లో పడింది. "మానవత్వం పరిమళించింది" అన్నారు. అతని తెగువకు మా సలాం. కానీ మా బాధ వేరే. మేం మహమ్మారిని తెచ్చినవాళ్ళం కావాలి, లేదా ప్రాణాలకు తెగించి కాపాడినవాళ్ళం కావాలి. మధ్యలో ఒక మామూలు వరద బాధితుడు ఉండడా? నాలా పూడిక తియ్యలేదేమని గద్దించే పౌరుడు, పరిహారం అడిగే కిరాయిదారు, ఎవర్నీ కాపాడలేక తన బిడ్డను మాత్రమే ఎత్తుకుని పరుగెత్తిన తండ్రి? అతను తెలుగు కథలోకి రావడానికి ఇంకా ఏ సర్టిఫికెట్టు తేవాలి?

ఈ గడ్డమీద వరద సాహిత్యం దివిసీమతో మొదలవలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచింది. పదిహేను వేలమంది పోయి ఉంటారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఒడ్డున, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మందిదాకా బతికారని చెప్పుకుంటారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ రాత్రి తల్లినీ, భార్యనూ, కూతుర్నీ కళ్ళముందే పోగొట్టుకుని ఒక్కడే మిగిలినవాడు అమ్జద్ హైదరాబాదీ. తర్వాత ఉర్దూ రుబాయీకి రాజుగా పేరు తెచ్చుకున్న కవి. ఆ వరద మీద "ఖయామతె సుగ్రా" అనే నజ్మ్ రాశాడు. చిన్న ప్రళయం అని ఆ పేరుకు అర్థం.

అమ్జద్ మాకు ఏ తెలుగు వాచకంలోనూ పాఠంగా రాలేదు. ఉర్దూ చదివిన పెద్దలు ఇళ్ళల్లో చెబితే విన్నాం. అదే వరదలో పనిచేసిన మరో కవి సరోజినీ నాయుడు. సహాయ కార్యక్రమాల్లో చేసిన సేవకు బ్రిటిషువాళ్ళు ఆమెకు కైసరె హింద్ పతకం ఇచ్చారు. జలియన్‌వాలాబాగ్ తర్వాత దాన్ని ఆమె వెనక్కిచ్చింది. ఒకే నగరం, ఒకే వరద, ఇద్దరు కవులు. ఒకరు ఒడ్డునుంచి చెయ్యందించినవాళ్ళు, ఒకరు నీళ్ళలోంచి లేచివచ్చినవాళ్ళు. చేయూత ఇచ్చినవాళ్ళను చరిత్ర పతకంతో సహా గుర్తుపెట్టుకుంది. మునిగి తేలినవాడి మాట ఉర్దూలోనే ఉండిపోయింది. ఉర్దూలో ఉన్నది ముస్లింలదని, ముస్లింలది తెలుగువాళ్ళది కాదని ఎవరో గీసిన గీతకు ఇటువైపు పడిపోయింది. తెలుగు నేలమీద జరిగిన అంత పెద్ద వరదకు సాక్ష్యంగా నిలిచిన కవిత తెలుగు సాహిత్య చరిత్రలో భాగం కాకపోతే, ఆ చరిత్ర ఎవరిది?

మూసీ వరద రెండు రాతల్ని మిగిల్చింది. ఒకటి అమ్జద్ నజ్మ్. రెండోది 1909లో నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వేసిన పథకం. ఆ పథకంలోంచి 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. రెండోది లేకపోతే ఈ ఊరు ఎన్నిసార్లు మునిగేదో! కానీ మొదటిది లేకుండా రెండోది ఏమవుతుందో కూడా చూశాం. జలాశయం నీళ్ళను పట్టి ఉంచుతుంది, ఎవరు పోయారో గుర్తుపెట్టుకోదు. గుర్తు లేని ఊరు నది పొట్టలో ఇళ్ళు కట్టుకుంటుంది, మాల్స్ కట్టుకుంటుంది, బస్ స్టేషన్ కట్టుకుంటుంది. నూరేళ్ళలో హైదరాబాద్ చేసింది అదే. ఆ కవితను ప్రతి బడిలో, ఉర్దూలోనూ తెలుగులోనూ చెప్పి ఉంటే, మూసీ ఎందాకా వచ్చిందో ప్రతి పిల్లవాడికీ తెలిసి ఉండేది. కళ ముందుగా చెయ్యగలిగిన పని ఇది. కన్నీరు పెట్టించడం కాదు, నీటిమట్టం గుర్తుంచడం.

అమ్జద్ దుఃఖం చివరికి సబ్ర్ వైపు, సూఫీ మార్గం వైపు నడిచింది. అంత పోగొట్టుకున్నవాడి దారిని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. కానీ ఒక కవి సబ్ర్‌ను ఒక సమాజం మొత్తానికి మందుగా పంచిపెడుతున్న పెద్దలతో మాకు తగాదా ఉంది. వరద వస్తే అది మన గునాహ్‌లకు అజాబ్ అని చెప్పే ఉపన్యాసాలు మా బస్తీల్లో ఇప్పటికీ వినిపిస్తాయి. ఆడవాళ్ళు సినిమాలు చూసినందుకు, కుర్రాళ్ళు నమాజ్ మానినందుకు చెరువు కట్ట తెగిందట! కట్టకు గండి కొట్టినవాడు, అలుగు మూసి ప్లాట్లు వేసినవాడు ముందు వరసలోనే కూచుని ఆమీన్ అంటాడు. అల్లా మర్జీ అన్న రెండు మాటల్లో కాంట్రాక్టరు, కార్పొరేటరు, ఇరిగేషన్ ఇంజనీరు అందరూ విడుదలవుతారు.

మతం లోపలే దీనికి జవాబుంది. నూహ్ అలైహిస్సలాం ఓడను వాన మొదలయ్యాక కట్టలేదు. ఎండలో కట్టాడు, ఊరు నవ్వుతుంటే కట్టాడు. యూసుఫ్ అలైహిస్సలాం ఏడేళ్ళ కరువు కోసం ఏడేళ్ళ ముందునుంచి ధాన్యం దాచాడు. ఒంటెను ముందు కట్టెయ్యి, తర్వాత అల్లామీద భారం వెయ్యి అని ప్రవక్త చెప్పిన సంగతి మదర్సా పిల్లవాడికి కూడా తెలుసు. జుమా ఖుత్బాలో జూన్ నెల వచ్చేసరికి ఇమామ్ సాబ్ ఈ మూడు కథలు చెప్పి, ఏ ఇంట్లో మంచంపట్టిన ముసలివాళ్ళున్నారు, ఏ ఇంట్లో నెలలు నిండినవాళ్ళున్నారు, ఏ మిద్దె గట్టిది అని అడిగితే అది ఇస్లాం కాకుండా పోతుందా? మస్జిద్ మినార్ బస్తీలో అన్నిటికంటే ఎత్తు, దాని మైకు అన్నిటికంటే గట్టి. ఆ మైకుకు ఎంత చప్పుడుండాలన్న దాని మీదే దేశమంతా కొట్లాడుతోంది. అర్ధరాత్రి కట్ట తెగినప్పుడు ఆ చప్పుడు ఎన్ని ప్రాణాలకు సరిపోతుందో మాట్లాడేవాళ్ళు తక్కువ.

ముస్లింవాద కవిత్వం తన తొలి సంకలనానికి 1998లో పెట్టుకున్న పేరు "జల్జలా". భూకంపం! ఖురాన్‌లో ఆ పేరుతో ఒక సూరానే ఉంది. 1992 డిసెంబరు 6 తర్వాత కాళ్ళకింద నేల కదిలిన తరానికి అంతకంటే సరైన మాట దొరకదు. దానికి ముందే, 1991లో, ఖాదర్ మొహియుద్దీన్ "పుట్టుమచ్చ" పుట్టుకతోనే మామీద పడిన అనుమానాన్ని దీర్ఘకవితగా చెప్పింది. ఆ కాలంలో మాకు విపత్తంటే కర్ఫ్యూ, టాడా, కాలిన దుకాణం. అది అతిశయోక్తి కాదు, లెక్క. జల్జలా ఆ కవిత్వంలో పోలికగా వచ్చింది. దాని పని అది చేసింది, తెలుగు సాహిత్యం కింద నేలను కదిలించింది. ఇప్పుడు ఆ మాట తన అసలు అర్థానికి రావలసిన సమయం వచ్చిందని మా అభిప్రాయం. అస్తిత్వ కవిత్వానికి నాలా ఒక వస్తువు, మట్టిగోడ ఒక వస్తువు, తడిసిన రేషన్‌కార్డు ఒక వస్తువు. పర్యావరణం చదువుకున్నవాళ్ళ సరదా అని, అస్తిత్వం మా సమస్య అని వేరుచేసి చూసినంతకాలం నీళ్ళ గురించి మాకు బదులు ఇంకెవరో మాట్లాడతారు.

ఎవరు మాట్లాడుతున్నారో చూద్దాం. విపత్తుల మీద అవగాహన కోసం సర్కారు కళాజాతాలు వస్తాయి. భుజాన గొంగడి, కాలికి గజ్జె, చేతిలో డప్పు. పాట బాగానే ఉంటుంది. పల్లెలో పనికొస్తుంది కూడా. ఆ డప్పు వెనక మాదిగ చరిత్ర ఉంది, దాన్ని మేం గౌరవిస్తాం. కానీ అదే జాతాను అదే పాటతో పాతబస్తీకి తెచ్చి దించితే పిల్లలు గుమికూడతారు, పెద్దలు తప్పుకుంటారు, ఆడవాళ్ళు కిటికీ పరదా వెనకనుంచి చూసి లోపలికి పోతారు. ప్రదర్శనల సంఖ్య రిజిస్టరులో ఎక్కుతుంది. మా బస్తీకి కళ లేదా? మొహర్రంలో మర్సియా ఉంది. ఉర్సులో కవ్వాలీ ఉంది. సులేమాన్ ఖతీబ్, సర్వర్ దండా, ఖామఖా హైదరాబాదీ లాంటివాళ్ళు పెంచిన దక్నీ హాస్య కవిత్వం ఉంది. నాలా మింగిన నాయకుడి మీద దక్నీలో ఒక్క మజాహియా నజ్మ్ చదివితే ముషాయిరా రాత్రంతా నవ్వుతుంది, తెల్లారి గుర్తుపెట్టుకుంటుంది. వంద కరపత్రాలకు ఆ శక్తి లేదు.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. ముస్లిం అనగానే ఉర్దూ కరపత్రం అచ్చేసి చేతులు దులుపుకోవడం. కృష్ణా, గుంటూరు, కర్నూలు జిల్లాల్లో దూదేకుల, నూర్‌బాషాలకు ఇంట్లో మాట తెలుగే. ఊళ్ళల్లో పీర్ల పండుగ పాట తెలుగులోనే పాడతారు, పాడేవాళ్ళలో సగంమంది ముస్లింలు కూడా కారు. పీరు లేచిన దగ్గర ఊరంతా చేరుతుంది. అక్కడ చెప్పిన మాట అన్ని వాడలకూ ఒకేసారి పోతుంది. ఉర్దూను తెలంగాణ 2017లో రాష్ట్రమంతటా, ఆంధ్రప్రదేశ్ 2022లో రెండో అధికార భాషగా చేశాయి. చట్టంలో ఉన్న ఆ భాష తుపాను హెచ్చరికలో, సహాయ శిబిరం బోర్డుమీద, పరిహారం ఫారంలో ఎంత కనపడుతోందో మీరే చూడండి. తెలుగు చదవలేని అమ్మీ, ఉర్దూ చదవలేని దూదేకుల అత్త, చెవులు వినపడని తాత, వీళ్ళు ముగ్గురూ ఒకే గల్లీలో ఉంటారు. ముగ్గురికీ ఒకే సెల్‌ఫోన్ మెసేజీ పంపి అందరికీ చెప్పామంటే ఎట్లా?

1970లో భోలా తుపాను అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో మూడు లక్షలకు పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాత కొత్తగా పుట్టిన బంగ్లాదేశ్ రెడ్‌క్రాస్‌తో కలిసి తుపాను సంసిద్ధత కార్యక్రమం పెట్టుకుంది. ఊరూరా వలంటీర్లు, చేతిమైకులు, జెండాలు, మస్జిద్ లౌడ్‌స్పీకర్లు, జానపద గేయాలు, నాటకాలు. అయినా 1991 తుపానులో లక్షా ముప్ఫైవేలమందికి పైగా చనిపోయారు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళు చాలా ఎక్కువగా పోయారు. ఎందుకు? మగ వలంటీరు వచ్చి తలుపు కొడితే తియ్యలేదు. ఇంటాయన రాకుండా గడప దాటలేదు. పరాయి మగాళ్ళతో నిండిన షెల్టరులో మరుగుదొడ్డి కూడా వేరుగా లేదు. చీర కాళ్ళకు చుట్టుకుంది. ఈత ఎవరూ నేర్పలేదు. తర్వాత వాళ్ళు నేర్చుకున్నారు. ఆడ వలంటీర్లను పెంచారు, ఇప్పుడు డెబ్బైవేలు దాటిన వలంటీర్లలో సగంమంది ఆడవాళ్ళే. 2007 సిద్ర్‌లో మూడువేల పైచిలుకు, 2020 అంఫాన్‌లో వందలోపే మరణాలు. ఒక ముస్లిం దేశం, పేద దేశం ఇది చేసింది. మా పెద్దలు చెప్పే "మన ఆడవాళ్ళు బయటికి రారు" అన్న సాకు ఆ లెక్కల ముందు నిలవదు. ముస్లింలు అంటేనే వెనకబాటు అని తీర్మానించిన మా అభ్యుదయ మిత్రుల మాట కూడా నిలవదు.

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళ పని ఇంట్లోనే ఉంటుంది. బీడీ చుడతారు, లాక్ గాజులు చేస్తారు, జరీ కుడతారు, అగరుబత్తి చుడతారు. దూదేకుల ఇంట్లో పరుపులు కుడతారు. మోకాలిలోతు నీళ్ళు వస్తే బీడీ ఆకు పోయింది, పత్తి పోయింది, కుట్టుమిషను పోయింది. పరిహారం లెక్క రాసేవాడికి కూలిన గోడ కనపడుతుంది గానీ తడిసిన పత్తి కనపడదు. అది సరుకు కాదు, ఆ ఇంటి పెట్టుబడి. అతను ఇంటి యజమాని పేరు రాసుకుంటాడు. కిరాయికున్నవాళ్ళు, విడాకులై పుట్టింటి మూలగదిలో ఉంటున్న ఆడవాళ్ళు, ఏ కార్డులోనూ పేరు లేనివాళ్ళు లెక్కలో లేరు. 2020లో ఇంటికి పదివేల సాయం అన్నారు. ఆడవాళ్ళు మీ సేవా కేంద్రాల ముందు తెల్లవారుజామునుంచి లైన్లు కట్టారు. నగరపాలక ఎన్నికలు వచ్చి ఆ సాయం ఆగిపోయింది. ఆ ఎన్నికల ప్రచారంలోనే ఒక పార్టీ నాయకుడు పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామన్నాడు. ఇళ్ళలో బురద ఇంకా ఆరలేదు.

మస్జిద్ కమిటీల్లో ఆడవాళ్ళు ఉండరు. బస్తీ పెద్దల్లో ఉండరు. పార్టీల సహాయ బృందాల్లో ఉండరు. ప్యాకెట్లు పంచేది మగవాళ్ళు, పుచ్చుకునే చేతులే ఆడవి. శానిటరీ గుడ్డ కావాలని ఆ చేతులు ఎవర్ని అడగాలి? బిడ్డకు పాలపొడి ఏ రకం కావాలో ఎవరికి చెప్పాలి? ముస్లిం స్త్రీల రచనలు ఈ పని చాలాకాలంగా చేస్తున్నాయి, బురఖా లోపలినుంచి, వంటింటి లోపలినుంచి మాట్లాడుతున్నాయి. విపత్తు ప్రణాళిక రాసేవాళ్ళు ఏ కన్సల్టెంటును పిలిచే ముందయినా ఆ కథల్ని ఒకసారి చదవాలి. ఏ ఇంట్లో రాత్రి తలుపుకు ఎవరు గడియ పెడతారో వాటిలో ఉంది.

2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షను పరిహారం, సహాయం ఇచ్చేటప్పుడు లింగం, కులం, సమూహం, వంశం, మతం ఆధారంగా వివక్ష చూపరాదంటుంది. మంచిదే. కానీ చూడండి, పరిహారం, సహాయం. అంటే మునిగాక. మునగకముందు ఏ నాలాకు గోడ కట్టాలి, ఏ బస్తీకి పంపు పెట్టాలి, ఏ భాషలో సైరను మోగాలి, ఏ బడిని శిబిరం చెయ్యాలి అన్న దగ్గర వివక్ష ఉంటే ఆ సెక్షను నోరు మెదపదు. మా కవిత్వానిదీ ఆ చట్టానిదీ ఒకే జబ్బు. రెండూ శవం లేచాకే మాట్లాడతాయి. 2015లో సెండాయ్‌లో ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్న ప్రణాళిక అందర్నీ కలుపుకుని ముందే సిద్ధపడాలంటుంది. మన దేశం కూడా అందులో ఉంది. ఆ "అందరూ" అన్న మాట సెక్రటేరియట్‌నుంచి బస్తీకి వచ్చేసరికి ఎక్కడ జారిపోతోందో తేల్చాలి.

కాయితాల సంగతి ఒకటి చెప్పకుండా ఈ వ్యాసం ముందుకు పోదు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. తర్వాత మూడునెలలు దేశమంతా మా ఆడవాళ్ళు రోడ్లమీద కూచున్నారు. ప్రతి ముస్లిం ఇంట్లో తాతల నాటి ట్రంకుపెట్టె తెరిచి పహాణీలు, జనన పత్రాలు, పాత ఓటరు జాబితాలు ఏరి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకున్నారు. అక్టోబరులో నీళ్ళు వచ్చింది ఆ పెట్టెల మీదికి. మిగతా ఊరు పరుపులు ఆరేసుకుంటే మా బస్తీల్లో మిద్దెలమీద రాళ్ళు పెట్టి కాయితాలు ఆరేశారు. మిగతావాళ్ళకు తడిసిన పత్రం అంటే ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరగడం. మాకు దాని అర్థం ఈ దేశంలో ఉండనిస్తారా లేదా అని. పుట్టుమచ్చ చెరగదు గానీ పుట్టిన పత్రం నీళ్ళలో చెరిగిపోతుంది! విపత్తు సంసిద్ధత అంటే టార్చిలైటు, అటుకుల మూట అని రాసిన కరపత్రంలో ఈ భయానికి ఒక లైను కూడా లేదు. బస్తీకొక కాయితాల శిబిరం పెట్టి, వానాకాలానికి ముందే నకళ్ళు తీసి, ధ్రువీకరించి, ఎత్తుమీద భద్రపరచడం సర్కారుకు పెద్ద ఖర్చు కాదు. మా కుర్రాళ్ళ సంఘాలకు కూడా కాదు.

చనిపోయినవాళ్ళ విషయం కూడా అంతే. పెద్ద ఉప్పెనల తర్వాత గుర్తుపట్టలేని శవాలను కుప్పలుగా తగలబెట్టడం ఇక్కడ చూసిందే. ఖననం మా హక్కు, గుసుల్, కఫన్ మా ఆఖరి మర్యాద. మృతదేహాల నిర్వహణ మీద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో మార్గదర్శకాలు వేసింది. వాటి పేరు విన్న తహసీల్దార్లు ఎందరు? శ్రీలంకలో 2020లో మహమ్మారి పేరుతో ముస్లిం శవాలను కూడా బలవంతంగా దహనం చేశారు, ఏడాది దగ్గరపడ్డాకే ఆ ఆజ్ఞ ఎత్తేశారు. ఖబరస్తాన్ ఏ ఎత్తులో ఉంది, వరదలో అక్కడికి దారి ఉంటుందా అన్నది కూడా ముందే చూసుకోవలసిన సంగతే.

ఇప్పుడు "సంసిద్ధత" అనే మాటకే కొత్త అర్థం వచ్చింది. 2024లో మూసీ పొట్టలో ఉన్న ఇళ్ళమీద ఎర్రరంగుతో గుర్తులు వేశారు. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో కూల్చివేతలు మొదలయ్యాయి. కొందరికి డబుల్ బెడ్‌రూం ఇళ్ళు ఇచ్చారు, అవి పనిచేసే చోటికీ పిల్లల బడికీ దూరం. నదీగర్భం ఖాళీ చెయ్యాలన్నది సబబే కావచ్చు. 2025 సెప్టెంబరు చివర జంట జలాశయాల గేట్లు ఎత్తితే మూసానగర్‌లోకి నీళ్ళొచ్చాయి. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి కూడా వచ్చాయి. అది కూడా నది పొట్టలోనే ఉంది. దాని గోడమీద ఎర్రగుర్తు లేదు. పేదవాడి ఇల్లు ఆక్రమణ, పెద్ద కట్టడం అభివృద్ధి అయినప్పుడు, విపత్తు పేరు చెప్పి ఎవర్ని తరలిస్తున్నారో, తర్వాత ఆ ఒడ్డున ఎవరు షికారు చేస్తారో అడగడం కవుల పని, ఇమాముల పని, బస్తీ పెద్దల పని.

కొన్నేళ్ళుగా సెప్టెంబరు 28న నగరాన్ని ప్రేమించేవాళ్ళు ఆస్పత్రి ఆవరణలోని ఆ చింతచెట్టు కింద కలుస్తున్నారు. పోయినవాళ్ళను తలుచుకుంటారు, చెరువుల గురించి మాట్లాడతారు. మంచి పని. ఒక ఏడాది ఆ సభను అక్కడే కాకుండా మూసానగర్ గల్లీలో కూడా పెట్టాలని మా కోరిక. అమ్జద్ నజ్మ్‌ను ఉర్దూలో ఒకరు, తెలుగులో ఒకరు చదవాలి. దివిసీమనుంచి ఒక పాటగాణ్ణి పిలవాలి, కర్నూలు పాతబస్తీనుంచి 2009 అక్టోబరు 2 తుంగభద్రను చూసినవాళ్ళను పిలవాలి, విజయవాడ సింగ్‌నగర్‌నుంచి 2024 బుడమేరులో రోజుల తరబడి మిద్దెమీద కూచున్నవాళ్ళను పిలవాలి. నీళ్ళు ఏ గోడమీద ఎందాకా వచ్చాయో చూపించడానికి ఆ గల్లీ ఆడవాళ్ళకు ముందు మైకు ఇవ్వాలి. ఇరిగేషన్ ఇంజనీరు కింద కూచుని రాసుకోవాలి.